జెకర్యా ప్రవక్త: ఉపవాసమును గూర్చిన ప్రశ్న

హెబ్రీ ప్రవక్తలలో ఆమోసు, యెషయాలకు గల ప్రశస్తి చెరవాసానంతర ప్రవక్తలకు లేదు. వారి దృష్టి దేవాలయ నిర్మాణముతోనే ఆగినదని పలువురి యభిప్రాయము. హగ్గయి విషయమున నిది కొంత నిజమే. ఆలయము పాడువడియుండగా సొంత యిండ్లకు పలకలు కూర్చుకొనుట తగునాయని క్రీ.పూ. 520లో ఆయన ప్రజలను నిలదీసెను. 515లో ఆలయము పూర్తియయ్యెను.

జెకర్యా మార్గము వేరు. క్రీ.పూ. 518లో కొందరు వచ్చి, బబులోనీయులు పూర్వాలయమును దహించిన అయిదవ నెలలో తాము సలుపుచున్న దుఃఖోపవాసమును ఇంకను కొనసాగింపవలెనాయని యడిగిరి. ఆయన వెంటనే ఔననలేదు, కాదనలేదు. ఆ యుపవాసము ఎవరి కొఱకని యెదురడిగి, న్యాయముగా తీర్పు తీర్పవలెననియు, వితంతువును, తండ్రిలేనివానిని, పరదేశిని, దరిద్రుని బాధింపరాదనియు బోధించెను. పిమ్మటనే ఆ యుపవాసములు ఉత్సవములగునని పలికెను.

పరదేశి యెడల దయ మోషే ధర్మమున పూర్వమే కలదు. కాని తాము పరదేశులై బ్రదికి తిరిగివచ్చిన జనమునకు చెప్పుటచే ఆ మాటకు క్రొత్త బరువు కలిగినది. పడిన బాధను తలచి యేటేట నేడ్చినంత మాత్రమున చాలదు. ఆ బాధ మరియొకనికి తమవలన కలుగరాదు.

గ్రంథారంభమున గల యెనిమిది రాత్రి దర్శనముల గూఢభాషకు జంకి పలువురు చదువరులు ఏడవ యధ్యాయమునకు రాకయే పుస్తకము మూయుదురు. జెకర్యా ప్రతిభ తెలియుటకు అచ్చటినుండియే చదువ నారంభించుట మేలు.