సయనోబ్యాక్టీరియా పెప్టైడ్ల విషత్వం: ఒకే అణువు కొలమానమైన తీరుపై విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

దక్షిణ ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సు నీటిని తాగిన పశువులు మరణించిన ఉదంతాన్ని జార్జ్ ఫ్రాన్సిస్ 1878లో ‘నేచర్’ పత్రికలో నమోదు చేశాడు. నీలి ఆకుపచ్చ శైవలాలుగా నాడు పరిగణింపబడిన జీవులు నేడు సయనోబ్యాక్టీరియాగా స్థిరపడ్డాయి. వాటి పెప్టైడ్లపై జరిగిన పరిశోధనలో అధికభాగం మైక్రోసిస్టిన్-ఎల్‌ఆర్ అనే ఒక్క అణువు చుట్టూ తిరిగింది. ఈ కేంద్రీకరణ ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

అణువు, దాని చర్య

మైక్రోసిస్టిన్ ఏడు అమినో ఆమ్లాలు గల చక్రీయ పెప్టైడ్. దీని నిర్మాణం రైబోజోముల మీద జరగదు; ప్రత్యేకమైన బృహత్ ఎంజైమ్ సముదాయాలే దీనిని కూర్చుతాయి. ఆ ఎంజైమ్‌ల అమినో ఆమ్ల ఎంపికలో ఉండే సడలింపు వల్ల రెండు, నాలుగు స్థానాలలో ఎన్నో మార్పులు సంభవిస్తాయి. ల్యూసిన్, ఆర్జినిన్ చేరితే ఎల్‌ఆర్. రెండూ ఆర్జినిన్‌లైతే ఆర్‌ఆర్. ఇప్పటికి 200కు పైగా రూపాలు గుర్తింపబడ్డాయి. ఇవి రవాణా ప్రోటీన్ల ద్వారా కాలేయ కణాలలో ప్రవేశించి, ప్రోటీన్ ఫాస్ఫటేజ్ 1, 2ఎ లను నిరోధిస్తాయి. ఫలితంగా కణ అస్థిపంజరం చెదరి, కాలేయంలో రక్తస్రావం జరుగుతుంది.

మార్గదర్శక విలువ: బలం, పరిమితి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో తాగునీటికి లీటరుకు 1 మైక్రోగ్రాము తాత్కాలిక విలువను ప్రకటించింది. దీనికి ఆధారం ఎలుకలపై 13 వారాల ప్రయోగం. అందులో హాని కనబడని మోతాదు రోజుకు కిలో శరీర బరువుకు 40 మైక్రోగ్రాములు. దానిని 1000తో భాగించగా 0.04 వచ్చింది. 60 కిలోల వ్యక్తి రోజుకు 2 లీటర్ల నీరు తాగుతాడనీ, విషంలో 80 శాతం నీటి ద్వారానే చేరుతుందనీ భావిస్తే ఫలితం 0.96, దానినే 1గా సవరించారు.

ఇక్కడ గమనించదగినది ఆ 1000 అనే భాజకం. జంతువు నుండి మనిషికి 10, మనుషుల మధ్య భేదానికి 10, సమాచార లోపానికి మరో 10. అంటే నిశ్చయాత్మకంగా కనిపించే అంకె వెనుక ఉన్న మూడు గుణకాలలో ఒకటి తెలియనితనానికి కట్టిన వెల. 2020 నాటి సవరణ జీవితకాల వినియోగానికి 1, స్వల్పకాలానికి 12 మైక్రోగ్రాములను నిర్దేశిస్తూ, మైక్రోసిస్టిన్ రూపాలన్నిటి మొత్తాన్ని లెక్కించమంది. ఇది స్వాగతించవలసిన మార్పు. అయినా ఎలుకల ఉదరకుహరంలోకి ఎక్కించినపుడు ఎల్‌ఆర్‌తో పోలిస్తే ఆర్‌ఆర్ విషత్వం ఎన్నో రెట్లు తక్కువ. అన్నిటినీ సమానంగా లెక్కించడం ప్రజారక్షణకు మేలే; విషత్వ జ్ఞానానికి మాత్రం అది ప్రత్యామ్నాయం కాదు.

కొలతకు అందని పెప్టైడ్లు

సయనోపెప్టోలిన్లు, అనబీనోపెప్టిన్లు, ఎరుజినోసిన్లు, మైక్రోవిరిడిన్లు అదే నీటిలో తరచుగా సహవాసం చేస్తాయి. మైక్రోవిరిడిన్-జె డాఫ్నియా కుబుసం విడవడాన్ని అడ్డగిస్తుంది. సయనోపెప్టోలిన్ 1020 ఒక మంచినీటి క్రస్టేసియన్‌పై మైక్రోసిస్టిన్లతో పోల్చదగిన విషత్వం చూపినట్లు 2010లో వెల్లడైంది. మైక్రోసిస్టిన్లకు విశిష్టమైన ‘అడ్డా’ అమినో ఆమ్లాన్ని గుర్తించే ప్రతిరక్షక పరీక్షలకు ఇవి చిక్కవు. కనుక ‘మైక్రోసిస్టిన్ కనబడలేదు’ అన్న ఫలితం ‘విషరహితం’ అన్న నిర్ణయంగా మారడం తర్కదోషం.

దీనికి విపర్యయమైన దోషమూ ఉంది. పరీక్షనాళికలో ఒక ఎంజైమ్‌ను నిరోధించినంత మాత్రాన ఒక పెప్టైడ్‌ను మానవ విషంగా ప్రకటించడం తొందరపాటు. శోషణ, మోతాదు, ప్రవేశమార్గం తేలకుండా నిరోధక శక్తి విషత్వానికి పర్యాయపదం కాజాలదు. సముద్రకుందేలు నుండి లభించిన డోలాస్టాటిన్-10కు అసలు ఉత్పత్తిదారు సయనోబ్యాక్టీరియాయే. దాని ఆధారంగా రూపొందిన కణవిషాన్ని ప్రతిరక్షకానికి జోడించి చేసిన బ్రెంటక్సిమాబ్ వెడోటిన్ 2011లో అమెరికాలో లింఫోమా చికిత్సకు అనుమతి పొందింది. విషమా, ఔషధమా అన్నది అణువు ఒక్కటే నిర్ణయించదు.

ప్రవేశమార్గం ప్రాధాన్యాన్ని 1996లో బ్రెజిల్‌లోని కరువారు దుర్ఘటన విషాదకరంగా నిరూపించింది. కలుషిత నీటితో డయాలిసిస్ జరిగిన సుమారు 130 మందిలో 100 మందికి తీవ్ర కాలేయ వైఫల్యం సంభవించింది. 52 మరణాలను ఈ విషానికి ఆపాదించారు. జీర్ణవ్యవస్థ రక్షణ లేకుండా నీరు నేరుగా రక్తానికి చేరువైన చోట, తాగునీటికి నిర్దేశించిన అంకె అభయమివ్వలేదు.

ముగింపు

మైక్రోసిస్టిన్-ఎల్‌ఆర్‌పై సాగిన కృషి విలువైనదే. ప్రజారోగ్యానికి ఒక ఆచరణీయ కొలమానాన్ని అందించింది. అయితే కొలవగలిగినదే ప్రమాదమనే భావన ఆ కృషి ఫలితం కాదు, దాని దుర్వినియోగం. ఏ పెప్టైడ్లను, ఏ పద్ధతితో, ఏ కనిష్ఠ పరిమితి వరకు పరీక్షించారో పరిశోధనా పత్రాలు స్పష్టపరచాలి. ఏక అణువులతోపాటు సహజ మిశ్రమాలనూ పరీక్షించాలి. నిర్ణయానికి ముందు కొలత హద్దును గుర్తించడమే ఈ రంగంలో పరిశోధకుడి ప్రథమ బాధ్యత.