దత్తో ఎవరి పెళ్ళికి వచ్చింది?

ఒక సినిమా రెండో భాగం మొదటిదానికి సాటి వచ్చిందా లేదా అనే చర్చ మామూలుగా నటన, పాటలు, వసూళ్ళ చుట్టూ తిరుగుతుంది. ఆ లెక్కన ‘తను వెడ్స్ మను రిటర్న్స్’ (2015) ఎప్పుడో నెగ్గింది. 2011లో వచ్చిన ‘తను వెడ్స్ మను’ కంటే ఇదే మిన్న అన్నవాళ్ళే ఎక్కువ. వసూళ్ళు వంద కోట్లు దాటాయి. రెండు పాత్రలు వేసిన కంగనా రనౌత్‌కి జాతీయ ఉత్తమ నటి అవార్డొచ్చింది. ఆమె నటన మీద మాకూ పేచీ లేదు. మా ప్రశ్న వేరు. నవ్వించే ప్రేమకథలో ఎవరు ఎవర్ని చేసుకోవచ్చు? ఎవరు మధ్యలో వచ్చి మధ్యలోనే వెళ్ళిపోవాలి? దీన్ని నిర్ణయిస్తున్నదెవరు? నవ్వుకునే సినిమాకి ఇంత గొడవ దేనికి అనేవాళ్ళు ఉంటారు. నవ్వుతున్నప్పుడు మనం ఏదీ ప్రశ్నించం గనకనే ఈ గొడవ.

ముందు మొదటి సినిమా సంగతి. ఆనంద్ ఎల్. రాయ్ దర్శకుడు, హిమాంశు శర్మ రచయిత. లండన్‌లో డాక్టరయిన మను పెళ్ళిచూపులకి కాన్పూర్ వస్తాడు. అమ్మాయి తను. సిగరెట్టు తాగుతుంది, ఇంట్లోవాళ్ళని లెక్కచెయ్యదు, తనకి వేరే ప్రియుడున్నాడని పెళ్ళికొడుకు మొహం మీదే చెబుతుంది. ఆహా, ఎంత ధిక్కారం అనుకున్నాం. ఇంటిపేర్లు చూడండి. అమ్మాయి త్రివేది. పెళ్ళికొడుకు శర్మ. ప్రియుడు రాజా అవస్థి. ఉత్తరాదిన మూడూ బ్రాహ్మణ ఇంటిపేర్లే. తను ఎటు పరిగెత్తినా అగ్రహారం దాటదు. ‘నా ఇష్టం, నా ఇష్టం’ అని రెండు గంటలు అరిచి, చివరికి అమ్మానాన్నలు తెచ్చిన సంబంధాన్నే చేసుకుంటుంది. కులాల మధ్య పెళ్ళి లేకపోలేదు. తను స్నేహితురాలు పాయల్ సిన్హా సిక్కు అబ్బాయి జస్సీని చేసుకుంటుంది. ఆ స్వేచ్ఛ పక్క పాత్రలకి మాత్రమే.

ఈ సినిమాలో కులం మాటే రాదు కదా అని వాదిస్తారు. పెళ్ళిచూపుల ఇంట్లో కులం ఎవరడుగుతారు? అడిగి తెలుసుకున్నాకే కదా గడప తొక్కేది! కులానికి ప్రాణం స్వకుల వివాహంలోనే ఉందని బాబాసాహెబ్ అంబేద్కర్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో తేల్చి చెప్పాడు. కులం నిలబడాలంటే స్త్రీ ఎవరి చెయ్యి పట్టుకోవాలో కట్టడి ఉండాలి. ఆ కట్టడిని అమ్మాయి సొంత ఇష్టంలాగా చూపించడమే ఈ రకం హాస్య ప్రేమకథ చేసే పని. పెద్దలు సంతోషిస్తారు, అమ్మాయి గెలిచాననుకుంటుంది, మనం చప్పట్లు కొడతాం.

రెండో సినిమాకి వద్దాం. నాలుగేళ్ళకి ఆ సంసారం చెడింది. లండన్‌లో మొగుణ్ణి మానసిక వైద్యశాలలో పడేసి తను కాన్పూర్ వచ్చేస్తుంది. తర్వాత ఢిల్లీకి చేరిన మనుకి అచ్చం తనులాంటి అమ్మాయి కనిపిస్తుంది. కుసుమ్ సాంగ్వాన్, పిలిచే పేరు దత్తో. హర్యానా ఝజ్జర్ జిల్లా జాట్ రైతు కుటుంబం. స్పోర్ట్స్ కోటాలో రాంజస్ కాలేజీలో సీటు తెచ్చుకుంది. ఆమె మాట్లాడేది హర్యాన్వీ. ఆ యాసని ఆమె దాచుకోదు, పుస్తకాల హిందీ నేర్చుకుని మర్యాదస్తురాలు కావాలని చూడదు. మొదటి సినిమాలో ఎవరూ పని చేసి బతుకుతున్నట్టు కనిపించరు. దత్తో పరిగెత్తుతుంది, చదువుతుంది, తన కాళ్ళ మీద తను నిలబడగలనంటుంది. రెండో సినిమా మొదటిదాన్ని మించిందంటే అది ఈ అమ్మాయి వల్లే.

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. దత్తో తన ఊరు, జిల్లా, కాలేజీ చెప్పి స్పోర్ట్స్ కోటా అని గర్వంగా అంటుంటే మాకూ రోమాలు నిక్కబొడిచాయి. ఆ వెంటనే ఇంకో ఆలోచన. అదే అమ్మాయి ‘ఎస్సీ కోటా’ అని చెబితే హాల్లో ఈల పడుతుందా? ఒక కోటా ప్రతిభ, ఇంకో కోటా భిక్ష! హాస్టల్లో, క్లాసులో, వైవాలో ‘నువ్వు కోటానా?’ అని అడిగించుకున్నవాళ్ళకి ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

దత్తో దళిత స్త్రీ కాదు. జాట్లు హర్యానాలో భూమి, పంచాయితీ చేతిలో ఉన్న ఆధిపత్య కులం. 2010 ఏప్రిల్‌లో హిసార్ జిల్లా మిర్చ్‌పూర్‌లో వాల్మీకుల ఇళ్ళు తగలబెట్టినప్పుడు అంగవైకల్యమున్న ఒక అమ్మాయీ ఆమె తండ్రీ కాలిపోయారు. ఆ నిప్పు పెట్టింది జాట్లే. దర్శకుడి హర్యానాలో ఆ వాడలు లేవు. మేం ఒప్పుకునేది ఒక్కటే: శర్మలు, త్రివేదుల లోకంలోకి బయటినుంచి వచ్చిన మొదటి మనిషి దత్తో.

మరి ఆమెని ఏం చేశారు? ముందు ఆమెకి కుదిరిన సంబంధం ఎవరిదయ్యా అంటే, అదే రాజా అవస్థిది! అవస్థికి అడ్డురాని కులం శర్మ వచ్చేసరికి బిరాదరీ పెద్దల రూపంలో లేచి నిలబడుతుంది. అన్న చెల్లెలి పక్షాన నిలబడతాడు. ఆ అన్నని చూసి సంతోషించాం. కానీ కులమంటే ఝజ్జర్‌లో కర్రలు పట్టుకున్న ముసలాళ్ళే అన్నట్టుంది వ్యవహారం. కాన్పూర్‌లో లేదట, లండన్‌లో అసలే లేదట! హర్యానాలో ఖాప్ హింస అబద్ధమని మేం అనం. 2007లో ఒకే గోత్రమన్న నేరానికి మనోజ్, బబ్లీలని చంపి కాలవలో పడేశారు. 2010లో కర్నాల్ కోర్టు దోషుల్ని శిక్షించింది. కానీ పల్లెటూరి కర్రకి కనిపించే కులం, డాక్టరు గారి ఇంటిపేరులో ఎందుకు కనిపించదు?

చివరికి పెళ్ళి మంటపం. ఊరినీ పెద్దల్నీ ఎదిరించి అక్కడిదాకా వచ్చిన అమ్మాయి, మను మనసు ఇంకా తను మీదే ఉందని గ్రహించి తనే పెళ్ళి ఆపేస్తుంది. పక్కకి వెళ్ళి ఏడుస్తుంది. శర్మా త్రివేదీ ఒకటవుతారు. దత్తో ఆత్మగౌరవంతో తప్పుకుందని మెచ్చుకున్నవాళ్ళున్నారు. ఆత్మగౌరవం మాట మాకు కొత్త కాదు, దాని విలువ తెలుసు. అందుకే అడుగుతున్నాం. ఆ గౌరవం ఎవరికి అక్కరకొచ్చింది? చెడిన బ్రాహ్మణ సంసారం బాగుపడటానికి. పాత జంట కలవడమే ఇలాంటి కథల ఆనవాయితీ అంటారా? అయితే ఊరినీ కులాన్నీ ఎదిరించే పని ఆ అమ్మాయి నెత్తిన ఎందుకు పెట్టారు? మనసు తేల్చుకోలేని మగాడికి ఏ నష్టమూ లేదు. త్యాగం మాత్రం బయటినుంచి వచ్చినామెది.

మరుసటి ఏడాదే, 2016లో, నాగరాజ్ మంజులే మరాఠీలో ‘సైరాట్’ తీశాడు. సగందాకా అదీ నవ్వించే ప్రేమకథే. చివరి దృశ్యం ఆ నవ్వుని మింగేసింది. మాకు అది కల్పన అనిపించలేదు. 2018లో మిర్యాలగూడలో దళిత యువకుడు ప్రణయ్‌ని గర్భిణి భార్య కళ్ళముందే ఆసుపత్రి బయట నరికారు. మన పిల్లలు ప్రేమించినప్పుడు కథ ఎక్కడ ముగుస్తుందో మనకి తెలుసు.

అందుకని మా లెక్క ఇది. మొదటి సినిమా చిన్నది, తన గూట్లో తను ఆడుకుంది. రెండోది అన్ని విధాలా పెద్ద సినిమా, చేసిన మోసమూ పెద్దదే. తలుపు తెరిచి ఒక మనిషిని మంటపందాకా పిలిచి, పని అయ్యాక సాగనంపింది. భూమీ బలగమూ ఉన్న జాట్ అమ్మాయికే ఆ ఇంట్లో చోటు లేకపోతే మాల మాదిగ అమ్మాయి మాట చెప్పేదేముంది? మాకు ఆ ఇంటి పెళ్ళిపిలుపు అక్కర్లేదు. దత్తో పరుగు పందెం నుంచి మొదలయ్యే సినిమా కావాలి. చివరిదాకా ఆమెదే అయిన సినిమా, ఆమె ఊళ్ళోని వాల్మీకి వాడ కూడా కనిపించే సినిమా. దాన్ని తీయాల్సింది శర్మలు కాదు, మన పిల్లలు.