దాదాభాయి గ్రంథమును మన కుంచమును

దాదాభాయి నౌరోజీగారు హిందూదేశ దారిద్ర్యమును గూర్చి 1901వ సంవత్సరమున లండనులో ప్రకటించిన ఇంగ్లీషు గ్రంథమును మేమీ నడుమ మరల చదివితిమి. ఒక దేశముచేత మఱియొక దేశము ఎట్లు బీదదగునో లెక్కలతో చూపిన పుస్తకములలో నిది ముఖ్యమైనది. అయినను గౌరవించుట వేఱు, పరీక్షించుట వేఱు.

ఆయన ప్రభుత్వమువారి లెక్కలనే తీసికొని, 1870 ప్రాంతమున మన దేశమందు మనిషికి సాలుకు సగటు రాబడి 20 రూపాయలేయని తేల్చిరి. జీతములు, పింఛనుల రూపమున ప్రతిఫలము లేకయే సీమకు పోవు ధనమును లెక్కగట్టిరి. ఇది గ్రంథమునకు ప్రాణము. ఉపన్యాసములు, విజ్ఞాపనలు, ఉత్తరములు కూర్చినది గనుక పునరుక్తి మెండు, దానిని క్షమింపవచ్చును. ధనము పోవు త్రోవను చూపినంత స్పష్టముగా, వస్తువునకు వెలకట్టు అధికారము ఎవరిదను ప్రశ్నను విచారింపకపోవుటయే అసలు కొఱత.

ఈ కొఱత నౌపడ ఉప్పుమళ్ల గట్టున నిలిచినవారికి తేటపడును. ఉప్పు పండుటకు కావలసినవి సముద్రపు నీరు, వేసవి యెండ, కూలివాని రెక్కలు. మన తూర్పుతీరమున నీ మూడును గలవు. అయినను పందొమ్మిదవ శతాబ్దమున వంగదేశము ఇంగ్లండులోని చెషైరు ఉప్పును తినెను. సరకులకై కలకత్తాకు వచ్చు ఓడలు వట్టిగా రాక, లివర్‌పూలునుండి ఉప్పు నింపుకొని వచ్చెడివి. 1888లో ఉప్పుపన్ను మణుగుకు రెండున్నర రూపాయలాయెను. ఆ పన్ను 1947లో పోయినది.

దానితో కథ ముగిసెనా? నౌపడనుండి రైలులో ఉత్తరముగా పోయిన పలాస వచ్చును. అచ్చటి కార్ఖానాలకు ఉద్దానపు జీడిపిక్కలతోపాటు ఆఫ్రికా పిక్కలును వచ్చుచున్నవి. జీడిపంటలో నేడు ప్రపంచమున అగ్రస్థానము ఐవరీకోస్టుది. కాని ఆ పంటలో నెక్కువ భాగము పగులగొట్టకుండనే ఓడ యెక్కుచున్నది. కాల్చి, కొట్టి, పొట్టు తీసి, తరగతులుగా ఏరుటవలన పెరుగు విలువ కొన్న దేశములకు చేరుచున్నది. ఆ కొన్నవారిలో మనమును ఉన్నాము. నిన్న పచ్చిసరకు అమ్ముకొని చితికినవారము నేడు మఱియొక బీదదేశపు పచ్చిసరకు కొనుచున్నాము.

పోనీ, ఆ లాభమైనను మన బీదలకు దక్కుచున్నదా? జీడిరసమునకు చేతులు కాల్చుకొను స్త్రీ కూలి యెంత? పరదేశపు పిక్క రాగా తన 80 కిలోల బస్తాకు గిట్టుబాటు ధర లేదని ఉద్దానపు రైతు మొఱ్ఱపెట్టుకొనుచున్నాడు. ఆఫ్రికా రైతునకును వెల నిర్ణయించు అధికారము లేదు, ఇతనికిని లేదు.

కావున దాదాభాయిగారు సీమవారిని కొలిచిన కుంచముతోనే మనలను మనము కొలుచుకొనవలెను. పండుగనాడు పాయసములో జీడిపప్పు వేయు ప్రతి యింటను, దాని వెలలో పండించినవానికెంత, ఒలిచినదానికెంతయని ఒకమారైనను విచారింపవలెను. ఈ విచారణ పుట్టించినచో ఆ గ్రంథపఠనము సార్థకము. సీమవారిపై పాత కోపమును మాత్రమే రగిల్చినచో మనము దానిని సగమే చదివినట్లు.