గోడకెక్కిన గెలుపు

న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్ల హాలు గోడకి మూడు రేకులున్నాయి. రేకులంటే మా అల్లుడు నొచ్చుకుంటాడు గానీ అవి అల్యూమినియం రేకులే. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు గెలిచిన క్షణాల ఫొటోలు వాటి మీద అచ్చయి ఉన్నాయి. బొమ్మని ముందు కాగితం మీద అచ్చేసి, పూత పూసిన రేకుకి అదిమి బాగా వేడి చేస్తారట. రంగు ఆవిరై పూతలోకి ఇంకిపోతుంది. అద్దం అక్కర్లేదు, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. మన ఇళ్లల్లో లోహం మీద జ్ఞాపకమంటే స్టీలు గిన్నెల మీద కొట్టించిన పేర్లే. గిన్నెలు తోమేది ఎవరైనా, పేరు మాత్రం చాలాసార్లు ఇంటాయనదే.

రెండు నెలలు ఆ బొమ్మలకి ఎదురుగా కూర్చుని కాఫీ తాగాను. కథ చదివినట్టే చదివాను వాటిని. 1966లో వెంబ్లీలో బాబీ మూర్, 1986లో మెక్సికోలో మారడోనా, 2022లో ఖతార్‌లో మెస్సీ. ముగ్గురూ భుజాలెక్కినవాళ్లే, ముగ్గురి చేతుల్లోనూ కప్పే. చొక్కాల రంగులు మారాయి తప్ప ఉత్సవ విగ్రహం ఊరేగింపు మారలేదు.

మూర్ బొమ్మ దగ్గర మాత్రం ఆగిపోయాను. అతని చేతిలోది జూల్స్ రిమే కప్పు. ఫ్రెంచి శిల్పి ఆబెల్ లాఫ్లెర్ చేసింది. దగ్గరికెళ్లి చూస్తే అది కప్పు కాదు, ఒక స్త్రీ. రెక్కలున్న గ్రీకు విజయదేవత, నైకీ. దాన్ని మూర్‌కి అందించింది ఎలిజబెత్ రాణి. ఆమె తెల్లటి చేతితొడుగులు చూసి, బురద చేతుల్ని అక్కడి వెల్వెట్ గుడ్డకి తుడుచుకున్నానని మూర్ తర్వాత చెప్పాడు. అంటే ఆ సంబరంలో నాకు కనిపించే స్త్రీలు ఇద్దరు. ఒకరు బంగారు పూత బొమ్మ, ఇంకొకరు కిరీటం.

మరి ఆడే స్త్రీలు? 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో డిక్ కెర్ ఫ్యాక్టరీ అమ్మాయిల ఆట చూడ్డానికి సుమారు 53,000 మంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే, ఈ ఆట ఆడవాళ్లకి తగదంటూ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో వాళ్లని ఆడనివ్వొద్దని తీర్మానించింది. 1970 దశకం మొదట్లో గానీ దాన్ని ఎత్తెయ్యలేదు. మూర్ ఆ దేవతని పైకెత్తిన రోజున కూడా ఆ నిషేధం అమల్లోనే ఉంది.

నాలుగో రేకు మా అమ్మాయి కొనుక్కుంది. ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. 1999 జులై 10, కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్, 90,185 మంది ప్రేక్షకులు. చైనా మీద చివరి పెనాల్టీ కొట్టి, చొక్కా విప్పేసి, నల్లటి స్పోర్ట్స్ బ్రాతో మోకాళ్ల మీద కూలబడి పిడికిళ్లు బిగించిన బ్రాండీ చాస్టెయిన్. ఎవరి భుజాలూ లేవు. ఆమె తొడలే ఆమెని మోస్తున్నాయి.

అప్పట్లో మగ ఆటగాళ్లు చొక్కాలు విప్పడం మామూలే. ఆమె విప్పితే మాత్రం అది ప్రకటనేమోనన్నారు. ఆమె వేసుకున్నది నైకీ కంపెనీ బ్రా మరి. (మళ్లీ ఆ దేవతే!) ఆ అనుమానాన్ని నేను పూర్తిగా కొట్టిపారెయ్యను. అయినా ఆ శరీరంలో చూసేవాళ్ల కోసం సర్దుకున్నది నాకేమీ కనపడదు. నా అభ్యంతరం ఇంకోటి. చైనా మూడో కిక్కుని ఆపింది నల్లజాతి గోల్‌కీపర్ బ్రియానా స్కరీ. ఆ ఆపడం లేకపోతే ఈ మోకాళ్లూ లేవు. గోడకి ఒక్క బొమ్మే ఎక్కుతుంది, అందులో స్కరీ లేదు.

"హాల్లో ఎందుకులే, అత్తయ్యగారున్నారు కదా" అన్నాడు మా అల్లుడు మొహమాటంగా. మా అమ్మాయి నావైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు.

1999లో అది ఎనిమిదో తరగతి. హైదరాబాదులో మా కాలనీ మగపిల్లలతో ఫుట్‌బాల్ ఆడేది. పేపర్లో వచ్చిన ఈ ఫొటోనే కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించుకుంది. స్త్రీల శరీరం మీద ఆంక్షల గురించి సభల్లో మాట్లాడుతూ తిరిగే రోజులవి నాకు. పెద్దమనిషయ్యాక "మోకాళ్లు చూడు, ఎలా గీరుకుపోయాయో" అంటూ ఆట మాన్పించాను. చుట్టాలొస్తున్నారని ఒకరోజు ఆ కాగితాన్ని గోటితో గీకి తీసేశాను. ఇద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నన్నడిగితే అచ్చు వేయించాల్సిన బొమ్మ ఇంకొకటుంది. 2023 సిడ్నీ ఫైనల్ అనగానే కప్పు కన్నా ముందు, బహుమతుల వేదిక మీద హెర్మోసోని ముద్దు పెట్టుకున్న స్పెయిన్ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు రుబియాలెస్సే గుర్తొస్తాడు. 2025లో కోర్టు అతన్ని లైంగిక దాడి నేరస్థుడని తేల్చింది. అంతకుముందు, 29వ నిమిషంలో, ఆ ఆటలోని ఒకే ఒక్క గోల్ కొట్టిన ఓల్గా కార్మోనా తన చొక్కా ఎత్తి చూపించింది. లోపలి బనీను మీద 'మెర్చి' అని ఒక పేరు. స్నేహితురాలి చనిపోయిన తల్లి పేరు. తన తండ్రి పోయాడన్న సంగతి ఆట ముగిశాక గానీ ఆమెకి తెలియనివ్వలేదు.

నిన్న అట్టపెట్టె విప్పాం. మూర్ పక్కన జాగా కొలిచింది మా అమ్మాయి. నన్ను రేకు పట్టుకోమంది. అనుకున్నదానికన్నా తేలిగ్గా ఉంది.

"కొంచెం పైకమ్మా" అంది.