ఒక్క కంట నిండు మనిషి

జహంగీరు పాదుషా తన స్మృతిగ్రంథమున ఒక ప్రగల్భము పలికినాడు. ఒకే పటమున పలువురు చిత్రకారులు పలు ముఖములు వ్రాసినను ఏ ముఖమెవ్వరిదో తాను చెప్పగలడట; ముఖమొకడు వ్రాసి, కన్నును కనుబొమను వేరొకడు దిద్దినను ఆ ఇరువురను విడదీసి చూపగలడట! రాజుల గొప్పలలో సగము తీసివేయుట మన యలవాటు. కాని మొగలాయి చిత్తరువులను కన్నులప్పగించి చూచినవారికి ఇది గొప్పగా తోచదు. ఆ విద్యకు ప్రాణమంతయు కంటికడనే యున్నది.

ఆ చిత్తరువులలో అధికభాగము పార్శ్వముఖములు. ఏక్‌చష్మ్, అనగా ఒక్క కన్నే కనబడునవి. తైలచిత్రమునకున్న వెలుగునీడల బలగము వీనికి లేదు. పొరపై పొర అతికి, నునుపురాతితో మెరుగుపెట్టిన వస్లీకాగితముపై ఉడుతవెండ్రుకల కుంచెతో నుదుటినుండి గడ్డమునకు దిగు ఒక్క గీత, దానిలోపల విడివిడిగా కంటికందని చుక్కలతో తేల్చిన చెంపపల్లము, అంతియే సామగ్రి. నవ్వు లేదు, ఏడ్పు లేదు. అయినను రెప్ప వెంట్రుకవాసి వాలినచో గర్వము, పెదవికొన రవంత బిగిసినచో అనుమానము! అక్బరు కార్ఖానాలో గీత ఒకరిది, రంగు ఒకరిదియైనను, ముఖము మాత్రము అందారితేరిన వానికే విడిచెడివారన్న నాశ్చర్యమేమి?

ముఖలేఖనమున తన చిత్రకారుడు బిషన్‌దాసుకు సాటి లేడని జహంగీరు పాదుషాయే వ్రాసికొన్నాడు. 1613లో ఇరానుకు వెడలిన రాయబారముతో నతనిని పంపి అచటి రాజగు షా అబ్బాసు రూపము వ్రాయించెను. షాను ఎరిగినవారెల్లరు అచ్చముగా నతడేయనిరి. తిరిగివచ్చినవానికి బహుమానము ఏనుగు. ఉడుతవెండ్రుకకు ఏనుగు వెల!

ఇక 1618 నాటి ఇనాయత్ ఖాన్ పటమును చూడుడు. నల్లమందు తిని, మద్యము త్రావి, ఎముకలగూడై దర్శనమునకు వచ్చిన ఆ ఉద్యోగిని వ్రాయుడని పాదుషా ఆనతిచ్చెను. ఆక్స్‌ఫర్డులోనున్న ఆ పటమున తెల్లని దిండ్లు బరువుగా నున్నవి, మనిషి తేలికయైనాడు. ఆ చూపు జాలిని యాచింపదు. దీనికన్న నిర్దయమును, దీనికన్న దయామయమును అగు ముఖమును నేనెరుగను. ఇవి ప్రాణములేని బొమ్మలని పెదవివిరుచువారు, ముఖభావములకు చక్రవర్తియగు రెంబ్రాంటే ఆమ్‌స్టర్‌డాములో కూర్చుండి ఇరువదికి పైగా మొగలాయి పటములను చూచి దిద్దుకొన్నాడని తెలిసికొందురు గాక!

నేడో? పాత స్టాంపుకాగితముపై పాదుషాను, బేగమును కూర్చుండబెట్టి, కాగితపు తేదీ చూపి పటము ప్రాచీనమని అమ్ముచున్నారు. నేనును ఒక అంగడిలో అట్లే మోసపోయినాను. ఇంటికి తెచ్చి చూడగా రాజుకు, రాణికి, చామరగ్రాహిణికి, చివరకు గుఱ్ఱమునకును ఒకే చేపకన్ను! దిద్దగల చేతులు నేటికిని కలవు. కాని ఒక ముఖముపై నెలలు గడుపువానికి కూలి యెవ్వరిత్తురు? లెక్కకు డబ్బిచ్చువారికి లెక్కకే కన్నులు దొరకును.

హైదరాబాదు సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో గడియారపు బొమ్మ గంటకొట్టుట చూచుటకై జనము క్రిక్కిరియును. కొట్టినపిదప, ఆ గుంపులో పదిమందియైన లఘుచిత్రములున్న గదికి నడచి, ఇది యే నవాబని గాక, ఈ కన్ను దిద్దినదెవరని అడుగుదురేని, ఆ పనివానికి ఏనుగు నిచ్చినట్లే.