‘వాంటెడ్‌గా’ అన్న మాట తప్పేనా?

మన బళ్ళారిలో రోజూ చెవిన పడే మాట ఇది. క్రికెట్‌లో బంతి కాలికి తగిలితే “వాంటెడ్‌గానే వేశాడు” అంటాం. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే “వాంటెడ్‌గా తొక్కలేదు లేప్పా” అని సర్దిచెప్తారు. కన్నడ మీడియం స్నేహితులు కూడా ఇదే మాట వాడతారు. కానీ ఇంగ్లీషు పేపర్లో ‘వాంటెడ్లీ’ అని రాస్తే మాత్రం ఎర్ర సిరా పడుతుంది. బజారులో దొరికే ‘సామాన్య తప్పులు’ పుస్తకాల్లోనూ దీనికి చోటుంటుంది. ఎడమ పక్క తప్పు, కుడి పక్క ఒప్పు, మధ్యలో ఒక గీత. ఎందుకు తప్పో ఆ గీత చెప్పదు. నా విమర్శ ముందుగా ఆ గీత మీదే.

‘వాంట్’ అంటే ‘కావాలి’ అని మనం ఒకటో తరగతి నుంచీ బట్టీ పట్టాం. నిజానికి ఆ మాట పుట్టినప్పుడు దానికి ఆ అర్థం లేదు. సుమారు 1200 ప్రాంతంలో పాత నార్స్ భాష నుంచి అది ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పుడు దాని అర్థం ‘లేకపోవడం, తక్కువవడం’. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో 23వ కీర్తన మొదటి వాక్యంలో ఈ క్రియే ఉంది. ఈ కాలపు అర్థంతో చదివితే ఆ వాక్యం వింతగా తోస్తుంది. మన తెలుగు బైబిలు అనువాదకులు అక్కడ ‘లేమి’ అనే మాట వాడి అసలు అర్థాన్ని పట్టుకున్నారు. లేనిది అవసరమవుతుంది, అవసరమైనదాన్ని కోరుకుంటాం. అలా జరిగి జరిగి, ‘కోరుకోవడం’ అనే అర్థం 18వ శతాబ్దం మొదట్లో గానీ స్థిరపడలేదు.

ఇంకో సంగతి చదివినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. ఈ మాట మూలం, సంస్కృతంలోని ‘ఊన’ శబ్దం ఒకే కుదురు నుంచి వచ్చాయని భాషాశాస్త్రజ్ఞులు చూపిస్తారు. న్యూనత, అంగన్యూనత అని మనం రాసే మాటల్లో ఉన్నది ఆ ‘ఊన’మే. అంటే ‘వాంట్’కు మన పుస్తకాల్లో చుట్టం ఉంది, అది మాత్రం ‘కావాలి’ కాదు.

వాక్యం కట్టే తీరు కూడా చూడండి. మనం “నేను కావాలి పుస్తకం” అనం, “నాకు పుస్తకం కావాలి” అంటాం. కోరేవాడు కర్త స్థానంలో ఉండడు. పాత నార్స్‌లోనూ అంతే. దాని వారసురాలైన ఐస్‌లాండ్ భాషలో ఈనాటికీ ఈ క్రియతో ‘నేను’ రాదు, ‘నన్ను’ అనే రూపం వస్తుంది. ఇంగ్లీషువాళ్ళు మాత్రం ‘నేను’ను తెచ్చి ముందు కూర్చోబెట్టారు. కొరత మనిషికి జరిగేది, కోరిక మనిషి చేసేది. అర్థం మారిన దారిలోనే వాక్యమూ మారిందని నాకు అనిపిస్తుంది.

ఇక ‘వాంటెడ్‌గా’ ఎక్కడ నుంచి వచ్చింది? దీనికి ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. తెలుగులో “కావాలని చేశాడు” అంటాం. కావాలి, అని: రెండు మాటలు. కన్నడంలో “బేకంత మాడిద” అంటారు. బేకు, అంత: అవీ రెండే, అర్థమూ అదే. తమిళంలోనూ ‘వేణుం’ మీద ఇలాంటి మాటే ఉంది. ‘కావాలి’కి ‘వాంట్’ అని నేర్చుకున్నవాళ్ళు ‘కావాలని’కి ‘వాంటెడ్లీ’ అని కట్టుకున్నారు. తల తెలుగుది, కన్నడానిది. తొడిగిన చొక్కా ఇంగ్లీషుది. కట్టిన పద్ధతీ అడ్డదిడ్డమైనది కాదు. ‘రిపీటెడ్లీ’, ‘అడ్మిటెడ్లీ’ ఇంగ్లీషువాళ్ళే ఇలాగే కట్టుకున్నారు. కానీ వాళ్ళ చెవికి ‘వాంటెడ్’ అంటే ఎవరో కోరిన వస్తువు, లేదా పోలీసులు వెతికే మనిషి. పని చేసినవాడి మనసు అందులో వినపడదు. మన ఊరు దాటితే ఆ మాట అర్థం కాదు. తప్పుల పుస్తకం ఈ నాలుగు వాక్యాలు రాసి ఉంటే నాకు పేచీ లేదు. “ఇలాంటి మాట లేదు” అనడం మాత్రం సరికాదు. ఇంతమంది నోట ఉన్న మాటను లేదని ఎలా అంటారు?

ఒకటే అర్థం బట్టీ పట్టడంలో ఇంకా పెద్ద నష్టం ఉంది. బళ్ళారి కలెక్టరుగా ఉన్న ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో ఈ జిల్లా బడుల గురించి ఒక నివేదిక పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చువేసింది కూడా ఆయనే. అప్పటికి జిల్లా చాలా పెద్దది, అనంతపురం 1882లో గానీ విడిపోలేదు. ఆయన లెక్కలో 533 బడులున్నాయి. కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారసీ 21, తమిళం 4. ఇంగ్లీషుది ఒక్కటే! దేశం క్రమంగా పేదదైపోవడం వల్లే బడులు క్షీణించాయని, పిల్లల చదువు ఖర్చు జనం భరించలేకపోతున్నారని ఆయన రాశాడు. మన తాతముత్తాతల చదువు సంగతి ఇలాంటి కాగితాల్లోనే ఉంది, అదంతా ఇంగ్లీషులోనే ఉంది. ఆ కాలపు ఇంగ్లీషులో ‘పిల్లలు పుస్తకాలు వాంట్ చేస్తున్నారు’ అనే అర్థంలో ఒక వాక్యం ఉందనుకోండి. పిల్లలు పుస్తకాలు అడుగుతున్నారని మనం చదువుకుంటాం. రాసినవాడు చెప్పేది వాళ్ళకు పుస్తకాలు లేవని. అడగడం వేరు, లేకపోవడం వేరు. ఒక్క క్రియ దగ్గర మన జిల్లా చరిత్రే తారుమారవుతుంది.

ఇంతకీ నేను ‘వాంటెడ్‌గా’ పక్షమేనా? ఇంగ్లీషు విషయంలో దాని మీద నాకు కోపం లేదు. తెలుగు విషయంలోనే ఉంది. మనకు ‘కావాలని’ ఉంది, ‘పనిగట్టుకుని’ ఉంది, ‘తెలిసి తెలిసి’ ఉంది, పుస్తకాల్లో ‘బుద్ధిపూర్వకంగా’ ఉంది. ఇవన్నీ ఒకటి కావు. కావాలని చేసినవాడికి ఉద్దేశం ఉంటుంది. పనిగట్టుకుని చేసినవాడు శ్రమపడి మరీ చేస్తాడు, అందులో కొంచెం కచ్చ కూడా ఉంటుంది. తెలిసి తెలిసి చేసినవాడికి ఫలితం తెలుసు, ఆ ఫలితం కోరి ఉండకపోవచ్చు. ‘వాంటెడ్‌గా’ వచ్చి వీటన్నిటినీ ఒకే రోలులో వేసి దంచేసింది.

మా తరగతిలో ఒకమ్మాయి చేతిలో ప్రయోగశాల బీకరు పగిలింది. బల్ల కదులుతుందని ఆమెకు తెలుసు, అయినా అక్కడే పెట్టింది. క్షమాపణ ఉత్తరంలో ‘వాంటెడ్లీ’ చేయలేదని ఇంగ్లీషులో రాసింది. ఆ మాట చుట్టూ సున్నా చుట్టి ఉత్తరం వెనక్కి వచ్చింది. స్పెల్లింగు గురించి, పదం గురించి మాట్లాడారే గానీ, ‘తెలిసి చేశావా, కావాలని చేశావా’ అని అడిగినవాళ్ళు లేరు. ఆమె శిక్ష ఆ రెండు మాటల మధ్య తేడా మీదే ఆధారపడి ఉంది. ఆ తేడా చెప్పగలిగే తెలుగు ఆమె దగ్గర ఉంది, ఉత్తరం మాత్రం ఇంగ్లీషులోనే రాయాలి.

మా వీధిలో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఇలాంటి చోట ‘జాన్‌బూఝ్‌కే’ అంటారు. అంటే తెలిసీ, అర్థమయ్యీ అని. కోరడం గురించి ఆ మాటలో ఏమీ లేదు. ఒకే వీధిలో కిటికీ అద్దం పగిలితే మేము “కావాలని కొట్టావా?” అని అడుగుతాం, వాళ్ళు “తెలిసి కొట్టావా?” అని అడుగుతారు. వాళ్ళూ ఈమధ్య ‘వాంటెడ్‌గా’ అనడం మొదలుపెట్టారు.