ఎంత చెయ్యి అందించాలి?

పక్షవాతంతో ఎడమవైపు పడిపోయిన మనిషిని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చడం చూసేవాళ్లకు అరనిమిషం పని. అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ కోర్సు చదివేవాళ్లు ఆ అరనిమిషాన్ని విడదీసి, ముక్క ముక్కగా నేర్చుకుంటారు. ఆ చదువులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

కుర్చీని రోగికి బలమున్న వైపు, మంచానికి కాస్త ఏటవాలుగా పెట్టాలి. రెండు బ్రేకులూ వేయాలి. కాళ్లు పెట్టుకునే పలకలు తప్పించాలి. నడుముకు గెయిట్ బెల్ట్ బిగించి, రోగిని మంచం అంచుకు జరిపించి, పాదాలు వెనక్కి పెట్టించి, తల పాదాల మీదికి వచ్చేదాకా వంగమనాలి. అప్పుడు బరువు దానంతటదే కాళ్ల మీదికి వస్తుంది. పట్టులేని మోకాలు మడత పడకుండా విద్యార్థి తన మోకాలు అడ్డుపెడతాడు. మన ఇళ్లలో ప్రేమకొద్దీ చంకల కింద చేతులేసి లాగుతాం. పట్టు తప్పిన భుజానికి ఆ లాగుడు చాలా చేటు. అందుకే అక్కడ చెయ్యి బెల్టు మీదే ఉంటుంది.

తోటి విద్యార్థే రోగిగా కూర్చుంటే, టీచరు కాగితం పట్టుకుని ఒక్కో మెట్టూ చూస్తారు. బ్రేకు మరిచిపోతే, తక్కినదంతా ఎంత చక్కగా చేసినా చాలాచోట్ల ఆ పరీక్ష తప్పినట్టే. ఈ కఠినత్వం నాకు న్యాయంగానే తోస్తుంది. కుర్చీ జారితే పడేది మనిషి.

మోకాలు ఎంత వంగుతోందో కొలిచే గోనియోమీటర్‌దీ అదే తీరు. దాని ఇరుసు మోకాలి బయటి ఎముక ఉబ్బు మీద, కదలని చేయి తుంటి పక్క ఎముక వైపు, కదిలే చేయి చీలమండ వైపు ఉండాలి. ఆ గుర్తుల్ని చర్మం కింద వేళ్లతో తడిమి పట్టుకోవాలి. ఇరుసు కాస్త పక్కకు జరిగినా అంకె మారిపోతుంది.

1969లో మయామీ డేడ్, మిన్నెసోటాలోని సెయింట్ కేథరిన్ కాలేజీల నుంచి ఈ వృత్తిలో తొలి పట్టభద్రులు వచ్చారు. ఇప్పుడిది సుమారు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ. తర్వాత జాతీయ పరీక్ష. 200 నుంచి 800 దాకా ఉండే కొలతలో 600 రావాలి.

రోగిని పరీక్షించి చికిత్స ప్రణాళిక రాసేది థెరపిస్టు. అసిస్టెంటు దాన్ని అమలు చేస్తాడు. ఈ హద్దు వల్ల పని చిన్నదైపోదు. మోకాలి ఆపరేషన్ అయినవారి పిక్క వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించి, వ్యాయామం ఆపి థెరపిస్టుకు చెప్పాల్సింది ఆ దగ్గరున్నవాడే.

చివరికి నోట్సు. లేవడంలో రోగి 75 శాతమో అంతకుమించో తానే చేస్తే అది మినిమల్ అసిస్ట్. సగం నుంచి 74 దాకా అయితే మోడరేట్. తన చేతుల మీద ఎంత బరువు పడిందో నిజాయితీగా గమనించినవాడే ఆ మాట సరిగ్గా రాయగలడు. రేపు రోగికి ఎంత సాయం తగ్గించవచ్చో దాన్ని చూసే ఆలోచిస్తారు.